చాపంత ముక్క

పంపకాలు ముగిశాక వారం రోజులు, మరకు వచ్చిన ప్రతివాళ్ళూ పిండిమరక్కను చూసి ఒకటే మాట. అదృష్టమంటే నీదేనమ్మా, ఆఖరున తీసుకున్నా అసలైనది నీకే దక్కింది, అని. ఇల్లు, మర, రోడ్డు పక్క వాకిలి, వెనక పెరడు, బావి. ఇంకేం కావాలి? ఆమె గింజలు తొట్టిలో గుమ్మరించి, మోటారు వేసి, డబ్బా నిండగానే మూత మీద ఒక్క దెబ్బ వేసి చేతికిచ్చి పంపేసింది. ఒళ్ళు మండిపోతున్న మనిషితో అదృష్టం గురించి మాట్లాడటమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

అసలు సంగతి ఇది. తండ్రి పోయి ఏడాది తిరిగాక తల్లి పిల్లలు ముగ్గురినీ కూర్చోబెట్టి, నేను ఉండగానే పంచేసుకోండి, నేను పోయాక కొట్టుకుంటే చూసేవాళ్ళు నవ్వుతారు, అంది. ముగ్గురంటే ఈమె, పెద్ద తమ్ముడు మాస్టారు, చిన్న తమ్ముడు సిమెంటు. మాస్టారు బడిలో లెక్కలు చెబుతాడు. ఇంట్లో మాత్రం ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ళ లెక్కే సరైనదంటాడు. సిమెంటుకు బస్టాండు పక్కన సిమెంటు, ఇసుక, ఇనుప చువ్వల దుకాణం ఉంది. పుట్టడంలో ఆఖరు, గారాల్లో మొదలు. పిండిమరక్కేమో మొగుడు పోయాక పుట్టింటికి వచ్చి, మూలపడి తుప్పు పట్టిన మరను తానే విప్పి, తానే బిగించి, తానే తిప్పింది. చిన్నవాణ్ణి చదివించింది కూడా ఆ మరే.

ఆ ఇంట్లో పంపకాలకు తాతల నాటి పద్ధతి ఒకటుంది. వాటాలు గీసేది ఒకరు, ఏరుకునేది మిగతావాళ్ళు. గీసినవాళ్ళు ఆఖరున మిగిలింది తీసుకోవాలి. అలాగైతే గీసే చెయ్యి వంకర పోదని. పెద్దది కాబట్టి గీత ఆమె గీసింది. మర పక్క చెక్కబల్ల మీద పిండి పేరుకుని ఉంటే అందులోనే వేలితో రెండు అడ్డగీతలు లాగింది. కింద కాలువ పక్క పల్లం ఒక వాటా. మధ్య మెట్ట మీద ఇల్లూ మరా వాకిలీ పెరడూ ఒక వాటా. పైన కొండ మీది అడవంతా ఒక వాటా.

“అడ్డంగా ఎందుకక్కా? నిలువుగా మూడు పట్టీలు చేస్తే అందరికీ అన్నీ తలా కాస్త వస్తాయిగా,” అన్నాడు మాస్టారు.

“అడవిని చీల్చకూడదనేరా ఇలా గీసింది,” అంది ఆమె.

కారణం లేకపోలేదు. కొండవాలు మీద చెట్లు నరకకూడదని నిబంధన ఉంది. ఉందే గానీ, దానికో కంత కూడా ఉంది. ఒక్కో యజమాని ఒక ఇంటికి సరిపడా చోటు, ఆ ఇంటికి బాట, ఇంతవరకు చదును చేసుకోవచ్చట. అడవికి యజమాని ఒకరైతే ఒక ఇల్లు. ముగ్గురైతే మూడు. వాళ్ళు వాళ్ళ పిల్లలకు పంచితే ఇక లెక్కలేదు. రోడ్డుకు ఎదురుగా ఉన్న కొండ అచ్చం అలాగే పోయింది. అన్నదమ్ముల వాటాలని మొదలై, వాటాలు ముక్కలై, ముక్కలు అమ్ముడై, ఇప్పుడు వాన పడితే ఎర్రటి బురద రోడ్డు దాటి ఇళ్ళలోకి వస్తుంది. దాని కింద బావులన్నీ ఎండాయి. అందరూ దాన్ని బోడికొండ అంటున్నారు. బోడిగా చేసిందెవరని మాత్రం ఎవరూ అనరు.

అందుకే అడవిని ఒక్క ముక్కగా ఉంచింది. ఆ రాళ్ళూ చెట్లూ ఎవరిక్కావాలి, తమ్ముళ్ళిద్దరూ పల్లమొకరు మెట్టొకరు ఏరుకుంటారు, అడవి తనకు మిగులుతుంది. మర ఎవరికి పోతే వాళ్ళ దగ్గర కౌలుకు తీసుకుని తిప్పుకుంటుంది. ఆమె కట్టుకున్న గాలిమేడ అది. చిన్నవాళ్ళు ముందు ఏరుకోవాలన్నారు. సిమెంటు బల్ల మీదికి వంగి, పల్లాన్ని దాటి, ఇంటిని దాటి, తిన్నగా అడవి మీద వేలు పెట్టాడు.

“నాకు కొండ చాలక్కా.”

ఆ మాటకు ఆమెకు ఏడుపొచ్చింది. సంతోషంతో. నా చిన్నాడికి అడవంటే ఇంత ప్రేమా, ఇన్నాళ్ళూ వీణ్ణి చువ్వల లెక్క తప్ప ఏదీ పట్టనివాడనుకున్నానే, అని పిండి చేతులతోనే కళ్ళు తుడుచుకుంది. మాస్టారు పల్లం తీసుకున్నాడు. ఇల్లూ మరా ఆమెకు మిగిలాయి. తర్వాత తలుచుకున్నప్పుడల్లా ఆమెకు అన్నిటికన్నా ఎక్కువ మండింది ఆ కన్నీళ్ళ గురించే.

మూడో రోజే కొండ మీంచి కత్తుల చప్పుడు వినిపించింది. మర ఆపి, బెల్టు జారనిచ్చి, కొంగు నడుముకు చుట్టి ఎక్కింది. పైన నలుగురు మనుషులు పొదల్ని నిలువునా నరుక్కుంటూ పోతున్నారు. అడవి మధ్యలోంచి దువ్వెనతో పాపిడి తీసినట్టు తిన్నటి గీత. గీత పొడవునా మేకులు, మేకులకు ఎర్రగుడ్డ పీలికలు. సిమెంటు ఒక చెట్టు నీడన నిలబడి కొలతల తాడు పట్టిస్తున్నాడు.

“ఏంట్రా ఇది?”

“కొలతలక్కా. ముక్కలు పెడుతున్నా.”

“అడవిని ముక్కలు పెట్టడమేంట్రా?”

“నేను చెట్టు కొట్టనక్కా. ఒక్కటంటే ఒక్కటి కొట్టను, నీమీదొట్టు. కొన్నవాళ్ళు కొట్టుకుంటారు.”

ఆమెకు ఆ క్షణాన వాణ్ణి చెంప మీద కొట్టాలనిపించింది. చిన్నప్పుడు కొట్టి ఉంటే బాగుండేదని కూడా అనిపించింది.

“నీకు ఇల్లు కావాలంటే ఒకటి కట్టుకో. ఇటుకలు నేను మోస్తా. ఇదేం పని?”

“ఒకటేంటక్కా? ఒక్కో ముక్కకీ ఒక్కో యజమాని, ఒక్కో యజమానికీ ఒక్కో ఇల్లు. అంతా రూలు ప్రకారమే. ఆఫీసులో అడిగొచ్చా. ముక్క ఇంతుండాలని లెక్కేం లేదట. చాపంత ఉన్నా రిజిస్టరు చేస్తారట.” నవ్వాడు. తెలివైనవాడి నవ్వు.

“ఎదురుగా బోడికొండ కనపడటం లేదా? మన బావికి నీళ్ళెక్కణ్ణుంచి వస్తాయనుకున్నావు? మీ అన్న పల్లానికి?”

“బోరు వేసుకోవచ్చు. ఊళ్ళో ఎంతమంది అద్దె గదుల్లో మగ్గుతున్నారో నువ్వు చూశావా? నువ్వొక్కదానివీ చెట్లు చూసి మురవడానికి వాళ్ళు ఇరుకులో చావాలా?”

ఆమె వెనుదిరిగింది. అబద్ధాలకోరు నోట ఒక నిజం వస్తే దాన్ని ఏం చేసుకోవాలో తెలియదు. దిగి వస్తూ లెక్క వేసుకుంది. నిలువుగా మూడు పట్టీలు గీసి ఉంటే వాడికి ఒక పట్టీయే పోయేది, మిగతా రెండూ బతికేవి. అడవిని కాపాడాలని తన వేలితో తానే గీత గీసి, అడవి మొత్తాన్నీ పళ్ళెంలో పెట్టి వాడికందించింది. మెట్టు మెట్టుకీ తనను తాను తిట్టుకుంది, తమ్ముణ్ణి అంతకు రెండింతలు తిట్టింది.

అయితే సిమెంటుకు ఒక చిక్కొచ్చి పడింది. ముక్కలు అమ్మాలంటే రెండు బళ్ళు ఎదురెదురుగా పట్టేంత రోడ్డు చూపించాలి. కొండకు ఉన్నదల్లా అక్క వాకిట్లోంచి పోయే కాలిబాట. ఆ ఇంటి పద్ధతి ప్రకారం పై వాటావాడికి కింది వాటావాళ్ళు బాకీ పడ్డది, నెత్తిన మోపు పెట్టుకున్న మనిషి నడిచేంత వెడల్పు. అంతకు మించి అంగుళం లేదు. అందుకని అన్నను వెంటబెట్టుకుని మరకు వచ్చాడు. గింజలు జల్లించే ముక్కాలిపీట మీద ఒకడు, బస్తా మీద ఒకడు కూర్చున్నారు. తల్లి లోపల్నుంచి వచ్చి గుమ్మంలో చతికిలబడింది.

“వాకిట్లోంచి రోడ్డు ఇవ్వక్కా,” అన్నాడు సిమెంటు.

“మోపు పెట్టుకుని వెళ్ళు. ఎవరాపారు?”

“మోపుతో సిమెంటు మోయమంటావా?”

“నీ దుకాణం పేరు పెట్టుకుని ఆ మాత్రం మోయలేవా?”

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. “రెండువైపులా న్యాయం ఉందక్కా.”

“నీకు మూల ముక్క ఇస్తానన్నాడా?”

మాస్టారు కాలి బొటనవేలితో పిండిలో సున్నాలు చుట్టాడు. ఇస్తానన్నాడన్నమాట. పల్లం ఎండిపోతే ఏం పండిస్తావురా అని అడగబోయి, వీడితో మాటలు గోడకు చెప్పినట్టేనని మానేసింది. గుమ్మంలోంచి తల్లి నోరు విప్పింది.

“ఇచ్చేయవే. చిన్నాడు నోరు తెరిచి అడుగుతున్నాడు. నీకు పిల్లా జెల్లా? ఆ వాకిలి ఏం చేసుకుంటావు?”

ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. పిల్లలు లేనిదానికి నేల ఎందుకు అనే మాట బయటివాళ్ళు అంటే దులిపేసుకోవచ్చు. కన్నతల్లి అంటే దులుపుకోవడం ఎవరి వల్ల అవుతుంది? లేచి, మోటారు వేసి, ఇంకెవరి మాటా వినపడకుండా చేసింది. సిమెంటు ఆ రొదలోనే దగ్గరికొచ్చి చెవిలో అరిచాడు.

“కోర్టుకెళ్తే రోడ్డు అదే వస్తుందక్కా. నువ్వొక్కదానివేగా యజమానివి. ఒక్కరితో తగువు ఎంతసేపు?”

మర్నాడు కుట్టుమిషను ఆవిడ గింజలు పిండి పట్టించడానికి వచ్చింది. బస్టాండు వెనక ఒకే ఒక్క అద్దె గదిలో ఉంటుంది. డబ్బా కింద పెట్టి, కాసేపు నసిగి, అసలు సంగతి చెప్పింది.

“కోప్పడకక్కా. ఆ కొండ ముక్కల్లో ఒకటి నేనూ అడిగా.”

పిండిమరక్క మోటారు ఆపేసింది. “నువ్వు కూడానా?”

“ఏం చేయమంటావు? గదిలో మేం ఇద్దరం, మా అత్త, ఇద్దరు పిల్లలు, మిషను. చిన్నది మిషను కిందే పడుకుంటుంది. నేను తొక్కుతుంటే దాని మొహం మీద దారాలు పడతాయి. నాకు మాత్రం చెట్లంటే పగా?”

ఆమె కోపం దేనిమీద పడాలో తెలియక గదంతా తిరిగింది. ఈవిడ మీద పడటానికి వీల్లేదు. అద్దె గది మీద పడొచ్చు, ఎవరికీ ఇల్లు లేకుండా చేసి కొండ చూపించే తెలివితేటల మీద పడొచ్చు. చివరికి మాట విసురుగానే వచ్చింది.

“నీకు కావాల్సింది ఇల్లా, కొండా?”

“ఇల్లే. కొండతో నాకేం పనక్కా? బిందె పట్టుకుని అంతెత్తు ఎవరెక్కుతారు?”

“అయితే నా పెరట్లో కట్టుకో. నేల చదునుగా ఉంది, చెట్టూ చేమా కొట్టక్కర్లేదు, బావి పక్కనే. ఇంకో ఇద్దరికి కూడా చోటుంది. కొండ మీద మాత్రం కట్టకు.”

కోపంలో చాలామంది నోరు జారి తిట్లు తిడతారు. ఈమె నోరు జారి పెరడు ఇచ్చేసింది. జారిన మాట వెనక్కి తీసుకునే అలవాటు లేదు కాబట్టి ఆ సాయంత్రమే కూరమడులు పీకి, కుట్టుమిషను ఆవిడ తెచ్చిన కొలత టేపుతో ఇద్దరూ చోటు కొలిచారు. టేపు మరీ పొట్టిది, జాకెట్లు కొలిచేది. దాన్ని మాటిమాటికీ జరుపుతుంటే, ఇలా కొలిస్తే చాపంత చాపంత ముక్కలే వస్తాయక్కా, అని ఆవిడ నవ్వింది.

పిండిమరక్క నవ్వలేదు. టేపు వదిలేసి వాకిలి వైపు చూసింది. ఒక్కరితో తగువు ఎంతసేపు, అన్నాడు కదా తమ్ముడు. చాపంత ఉన్నా రిజిస్టరు చేస్తారట, అన్నదీ వాడే. ముల్లును ముల్లుతోనే తీయాలి, ముల్లు వాడే ఇచ్చాడు.

ఆఫీసులో గుమాస్తా ఆమె చెప్పింది విని కళ్ళద్దాలు తీశాడు. “చాపంత ముక్కలా? వాకిలంతా? ఏం చేసుకుంటారమ్మా?”

“కూర్చుంటారు. మొన్న మా తమ్ముడికి చాపంత ఉన్నా చాలని చెప్పింది మీరేగా? కొండకొక రూలు, వాకిలికొక రూలు ఉందా?”

లేదు. అది ఆయనా ఒప్పుకున్నాడు.

రోడ్డంచు నుంచి కొండబాట మొదలు దాకా వాకిలిని అడ్డంగా, నిలువుగా గీసింది. ఈసారి పిండితో కాదు, సున్నంతో. ఒక పక్కన మోపుతో నడిచేంత బాట వదిలింది, ఎవరి హక్కు వాళ్ళకు. మిగతాదంతా మరకు వచ్చే ఆడవాళ్ళకు రాసిచ్చేసింది. ఊరికే, ఒక్కొక్కరికి ఒక్కో ముక్క. అమ్ముకోవద్దని షరతు పెట్టలేదు. “మీ డబ్బా మీ నేల మీద పెట్టుకుని కూర్చోండి. ఎవరైనా వచ్చి అడిగితే ఆలోచించుకోండి, మీ బావులు ఏ కొండ కింద ఉన్నాయో,” అని మాత్రం అంది. మొదట నవ్వారు. తర్వాత కాగితాల మీద సొంత పేరు చూసుకుని ఒకావిడ అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదువుకుంది. ఆ తర్వాత నీడ పడే ముక్క నాకు కావాలంటే నాకని తగువులు మొదలయ్యాయి. మనుషులకు నేల రాగానే తగువు వస్తుంది. ఆమెకు కావాల్సిందీ అదే, ఇంతమంది ఒక్కమాట మీదికి రావడమనేది ఈ జన్మకు జరగదు.

అన్నీ పంచగా ఒక్క ముక్క మిగిలింది, సరిగ్గా కొండబాట మొదట్లో. అది తన పేరనే ఉంచుకోవాలనుకుంది. అప్పుడు తల్లి కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

“ఊళ్ళో అందరికీ ఇచ్చావు. నాదేదే?”

“నీకెందుకమ్మా?”

“ఎందుకేంటి? పుట్టింట్లో మా నాన్నది. ఇక్కడ మీ నాన్నది. ఇప్పుడు మీది. నా పేరు మీద ఇంతవరకు అడుగు నేల ఉందా?”

కుట్టుమిషను ఆవిడ తల్లి వెనక నిలబడి వద్దు వద్దని కళ్ళతో సైగలు చేసింది. చెయ్యక్కర్లేదు, పిండిమరక్కకూ తెలుసు. ఆ ముక్క తల్లికిస్తే సాయంత్రానికల్లా చిన్నకొడుకు చేతిలో ఉంటుంది. వాడు అమ్మా అని పిలిస్తే చాలు, ఆవిడ కళ్ళు చెమరుస్తాయి. బాట మొదలు వాడి చేతికి చిక్కితే, మిగతావాళ్ళను ఒక్కొక్కరినీ తర్వాత కొనుక్కుంటాడు. కానీ నీకు నేలెందుకు అని తల్లి తనను అడిగినప్పుడు ఎలా మండిందో గుర్తుంది. ఇప్పుడు అదే మాట తన నోట వచ్చింది. సిగ్గేసింది. పళ్ళు బిగబట్టి రాసిచ్చింది. ఆ తర్వాత తల్లితో మాట్లాడలేదు. కంచం ముందు పెట్టేది, మాట పెట్టేది కాదు.

మట్టి తోడే బండిని వెంటబెట్టుకుని సిమెంటు వచ్చిన పొద్దున వాకిలి కిక్కిరిసి ఉంది. ఎవరి ముక్క మీద వాళ్ళు చాప పరుచుకుని గింజల్లో రాళ్ళు ఏరుతున్నారు. బండి రోడ్డు మీదే ఆగి గుర్రుమంటోంది.

“ఏంటక్కా ఈ సంత? లేవమను.”

“నేనెవర్ని లేవమనడానికి? వాకిలి నాది కాదు.”

విషయం తెలిసేసరికి వాడి మొహం సున్నం కొట్టినట్టయింది. అయినా వ్యాపారం తెలిసినవాడు కదా, వరసగా అందరినీ అడుక్కుంటూ వచ్చాడు. ఒకావిడ మా ఆయన్ని అడగాలంది. ఇంకొకావిడ, మా ఆయన్ని అడగను, నాదే, ఇవ్వను అంది. పక్కావిడ ఇస్తే నేనూ ఇస్తానంది ఒకావిడ. ఆ పక్కావిడకూ ఈవిడకూ మాటల్లేవు. కుట్టుమిషను ఆవిడ తల ఎత్తకుండానే, నాకు ఇల్లు కుదిరింది బాబూ, కొండెక్కే పని తప్పింది, అంది. కోర్టుకెళ్తానన్నాడు. వెళ్ళండి, అందరం వస్తాం, ఒక్కొక్కరిని ఒక్కోరోజు పిలవమనండి, ఊళ్ళు చూసినట్టుంటుంది, అని ఎవరో అన్నారు. నవ్వులు లేచాయి.

అప్పుడు వాడికి చివరి చాప కనపడింది. దాని మీద తల్లి కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. వాడి మొహం వెలిగింది. పిండిమరక్క మర గుమ్మాన్ని గట్టిగా పట్టుకుంది. అయిపోయింది అనుకుంది.

“అమ్మా, నీదే కదా ఇది? లేమ్మా, ఎండ తగులుతుంది,” అన్నాడు సిమెంటు, పక్కన గొంతుక్కూర్చుని, చిన్నప్పటి గొంతుతో.

తల్లి వాడి తల నిమిరింది. జుట్టులో చిక్కుకున్న ఎర్రగుడ్డ పోగు ఒకటి తీసి పారేసింది.

“నీకు ఇవ్వక ఎవరికిస్తానురా? నేను పోయాక ఇది మీ ముగ్గురిదే. ముగ్గురూ సమంగా పంచుకోండి.” చేత్తో చాపను అటునుంచి ఇటు కొలిచి చూపించింది. “ఈసారి నువ్వు గీయి. గీసినవాడు ఆఖరున తీసుకోవాలి, మర్చిపోకు. పోయేదాకా నేను లేవను.”

వాడు అక్క వైపు చూశాడు. ఆమె కోపం ఏమీ తగ్గలేదు, తమ్ముడి మీదా, పోయిన పెరటి మీదా, అడవిలో తీసిన ఆ పాపిడి మీదా. అయినా మర లోపలికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. వాణ్ణి దాటుకుని వెళ్ళి తల్లికిచ్చింది, “తాగమ్మా,” అంది.